ట్యూబు మీది యాభై

క్యాంపులో లస్మయ్యను తొలిసారి ‘చాచా’ అని పిలిచినవాడు అతనికంటే రెండేళ్లే చిన్నవాడు. ఆ సంగతి లస్మయ్యకు బాగా తెలుసు, ఇద్దరి ఐడీ కార్డులూ ఒకే రోజున ఒకే బల్ల మీద రెన్యువల్‌కు వెళ్లాయి కనుక. పిలిచినవాడు నేపాలీ, మంచివాడు, గౌరవంగానే పిలిచాడు. ఆ గౌరవమే లస్మయ్యకు లోపల గుచ్చుకుంది. వెక్కిరింతే అయితే తానూ ఒక మాట అని దులిపేసుకునేవాడు.

అతనికి నలభై ఎనిమిదేళ్లు. మెట్‌పల్లి దగ్గర పసుపు పండే ఊరు. ఖతర్‌లో విమానం దిగేనాటికి ముప్పై నిండలేదు. ఇన్నేళ్లయినా ఊళ్లోవాళ్లకు అతడు ఉండేది దుబాయే. మొదట్లో కంబి కట్టే పని చేశాడు. ఒకనాడు సైట్‌లో వెనక్కి వస్తున్న కంకర లారీకి అడ్డం పడబోయిన మనిషిని చూసి, ఎవరూ చెప్పకుండానే చేతులెత్తి ఈల వేసి బండిని ఆపాడు. అప్పటి సూపర్‌వైజర్ అతన్ని కంబి దగ్గరనుంచి తీసి ఫ్లాగ్‌మన్‌ను చేశాడు. లారీలకు, క్రేన్లకు, నీళ్ల ట్యాంకర్లకు చేతులతో దారి చూపడం ఫ్లాగ్‌మన్ పని. బరువు మోయనక్కర్లేదు, మెట్లెక్కనక్కర్లేదు. ఊళ్లో చెబితే ‘నిలబడితే జీతమిస్తరా’ అని నవ్వారు.

నిలబడటంలోని కష్టం నిలబడినవాడికే తెలుస్తుంది. ఫ్లాగ్‌మన్ ఎప్పుడూ డ్రైవరు కంటికి కనబడుతూ ఉండాలి. నీడలోకి వెళ్తే కనబడడు, కాబట్టి అతని చోటు ఎప్పుడూ ఎండలోనే. మిగతావాళ్లు తలకూ ముక్కుకూ గుడ్డ చుట్టుకుని కళ్లు మాత్రం బయటపెట్టి పని చేస్తారు. ఈల ఊదవలసినవాడికి ఆ వీలు లేదు. వేసవిలో మధ్యాహ్నపు పని ఆపినా, ఉదయపు ఎండ తన లెక్క తాను తీసుకుంటూనే ఉంటుంది. పైనుంచి కొట్టే ఎండకు తెల్లటి ఇసుక మీదనుంచీ అద్దాల గోడల మీదనుంచీ తిరిగొచ్చే ఎండ తోడు. ఏళ్లు గడిచేసరికి లస్మయ్య చెంపల మీద గోధుమరంగు మంగు పరుచుకుంది. కళ్ల చివరల గీతలు కణతల దాకా సాగాయి. మెడ వెనుక చర్మం ఎండిన తుమ్మ బెరడులా గళ్లు గళ్లుగా విడిపోయింది. హెల్మెట్ తాడు కింద మాత్రం, చెవి దగ్గరనుంచి గడ్డం దాకా, సన్నని లేత గీత ఒకటి మిగిలింది. ముఖం మీద అతని అసలు వయసుకు ఆ గీతే సాక్ష్యం.

ఇవేవీ అతన్ని ఇంతకాలం బాధించలేదు. బిర్కత్ అల్ అవామిర్‌లోని వాళ్ల క్యాంపులో అందరి ముఖాలూ ఇంచుమించు అంతే. బాధ మొదలైంది ప్రాజెక్టు ముగింపుకొచ్చిన తర్వాతే. పాత కంపెనీ మనుషులను తగ్గించుకుంటోంది. అల్ వుకైర్‌లో కొత్తగా కట్టిన ఇళ్ల సముదాయానికి గేటు దగ్గరా లోపలి రోడ్ల మీదా పనిచేసే మనుషులు కావాలని మరో కంపెనీ అడిగింది. దాని తరఫున ఒక ఇంజనీరు క్యాంపుకు వచ్చి తనకు కావలసినవాళ్లను స్వయంగా ఏరుకుంటాడు. ఏరగా మిగిలినవాళ్లు ఇంటికి టికెట్టు తీసుకోవలసిందే. లస్మయ్య కొడుకు సాయిబాబు పాలిటెక్నిక్‌లో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వాడి చదువు గట్టెక్కేదాకా, అంటే ఇంకో రెండేళ్లు, లస్మయ్య ఇక్కడ నిలబడాలి. ఆ కోరికలో దాపరికమేమీ లేదు.

అతని గదిలోనే ఉండే నగేష్ సిరిసిల్లవాడు. ఇరవై ఆరేళ్లు. నోటికి తాళం లేదు.

“గేటు కాడ నిలవడేటోళ్లు జర సక్కదనంగ ఉండాల్నట కాకా,” అన్నాడు వాడు ఓ సాయంత్రం. “పెద్దపెద్దోళ్లు కార్లల్ల వస్తరు గదా. ముసలి మొఖాలను పక్కకు పెడుతున్నరంట.”

“ఎవడు జెప్పిండు?”

“అందరు అంటాండ్రు.”

“అందరంటె ఎవడ్రా?”

“నేను, ఇంకొగడు,” అని నగేష్ నవ్వాడు.

లస్మయ్య నవ్వలేదు. ఆ రాత్రి వీడియో కాల్‌లో భార్య చిన్నవ్వ అతని ముఖం చూసి తన ధోరణిలో తాను అంది: “గా చెంపల మీద ఏందది, మంగా? మంగుశని పట్టినట్టున్నది నీకు. కొండగట్టు అంజన్నకు మొక్కుత. నువ్వు జర పసుపు పెట్టుకో.” పసుపు పండించే ఇంటి ఆడది కనుక ఆమెకు లోకంలోని రోగాలన్నిటికీ మందు పసుపే. “పసుపు పూసుకొని సైట్‌ల నిలబడితె నన్ను జూసి లారీలన్ని దండం పెట్టి పోతయ్,” అని లస్మయ్య ఫోను పెట్టేశాడు. కానీ మంగు, మంగుశని అన్న రెండు మాటలూ జంటగా అతని మనసులో కూర్చున్నాయి. ముఖం మీద ఉన్నది మచ్చో గ్రహచారమో తేల్చుకోలేకపోయాడు.

శుక్రవారం సెలవు. నగేష్‌ను వెంటబెట్టుకుని అల్ వుకైర్ వెళ్లి, అక్కడి పెద్ద మందుల దుకాణంలో అడుగుపెట్టాడు. చల్లటి గాలి, సువాసన, అద్దాల అరలు. ఒక గోడ నిండా ముఖానికి రాసే సీసాలే. నగేష్ తనకు వచ్చిన ఇంగ్లీషుతో ఒక్కొక్కటే చదివాడు: ఇది నలభై దాటినవాళ్లకు, ఇది యాభై దాటినవాళ్లకు, ఇది అరవై దాటినవాళ్లకు. వయసు అంకె కొట్టొచ్చినట్టు, పక్కన కూడిక గుర్తుతో, డబ్బా మీదే అచ్చయి ఉంది.

“చూసినవా కాకా, బస్సుల సీట్ల లెక్క ఎవలది వాల్లకే రాసిపెట్టిండ్రు.”

కౌంటరు వెనుక తెల్లకోటు వేసుకున్న ముప్పై అయిదేళ్లావిడ ఒకేసారి ముగ్గురితో మాట్లాడుతోంది. లస్మయ్య వంతు రాగానే అతన్ని ఎగాదిగా చూసి, ఏం కావాలని హిందీలో అడిగింది. అతను చేత్తో ముఖం చూపించి “ధూప్” అన్నాడు. ఎండ అన్నమాట. ఆమె రెండో మాట అడగలేదు. వెనుక అరలోనుంచి ఒక ట్యూబు తీసి అతని ముందు పెట్టింది. “యే లీజియే అంకుల్, రోజ్ లగాయియే,” అని, రోజూ రాసుకోమని చెప్పి పక్కమనిషివైపు తిరిగింది.

లస్మయ్య ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద పెద్ద అక్షరాల్లో యాభై. పక్కన కూడిక గుర్తు.

చాలాసేపు ఆ అంకెనే చూశాడు. ఒక్కసారి చూసి, వయసైనా అడగకుండా, యాభై దాటినవాళ్ల మందు చేతిలో పెట్టింది. చదువుకున్న మనిషి, రోజూ వంద ముఖాలు చూసే మనిషి. ఆమె కంటికే అలా కనబడితే రేపు వచ్చే ఇంజనీరు కంటికి ఎలా కనబడతాడు? ట్యూబును కౌంటరు మీద నెమ్మదిగా, దానికేదో దెబ్బ తగులుతుందన్నట్టు, పెట్టేసి బయటికి వచ్చాడు.

“తీసుకోకపోతివేంది?” అన్నాడు నగేష్ వెనకాలే వస్తూ.

“నాకింక యాభై నిండలేదురా.”

నగేష్ ఒకసారి దుకాణంవైపు, ఒకసారి కాకా ముఖంవైపు చూసి వెంట నడిచాడు.

ఆ సాయంత్రమే క్యాంపు గేటు బయట సంచిలో సామాను పెట్టుకుని అమ్మే మనిషి దగ్గర లస్మయ్య ఒక చిన్న గుండ్రటి డబ్బా కొన్నాడు. తెల్లటి మీగడలాంటి క్రీము. మూత మీద ఒక అందమైన ముఖం తప్ప మరేమీ లేదు. తయారుచేసినవాళ్ల పేరు లేదు, అందులో ఏమేమి కలిపారో లేదు, వయసు అంకె అసలే లేదు. అది లేకపోవడమే లస్మయ్యకు నచ్చింది. “వారం రోజుల్లో కొత్త ముఖం,” అన్నాడు అమ్మేవాడు.

మొదటి నాలుగైదు రోజులు ఆ మాట నిజమే అనిపించింది. చెంపలు నున్నగా మెరిశాయి. మంగు పలచబడింది. గదిలోవాళ్లు వరసగా వచ్చి చూసిపోయారు. “కాకా, పెండ్లిపిల్లను సూడాల్నా?” అన్నాడు నగేష్. లస్మయ్య రాత్రికి ఒకసారి రాసేదాన్ని పొద్దున కూడా రాయడం మొదలుపెట్టాడు. అలా రాసుకునే డ్యూటీకి వెళ్లి, అలాగే ఎండలో నిలబడ్డాడు. కొన్నాళ్లకు మంట పుట్టింది. అతను భయపడలేదు. చిన్నప్పుడు కాలి పుండుకు తల్లి ఏ ఆకు పసరు పిండినా మొదట మండేది, తర్వాత మానేది. మండితేనే మందు పని చేస్తున్నట్టని వాళ్ల ఇంట్లో తిరుగులేని నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇంకొంచెం ఎక్కువ రాశాడు.

ఆ మర్నాడు తెల్లవారేసరికి కళ్ల కింద ఉబ్బింది. చెంపలు కుంకుడుకాయ రసం పడ్డ కన్నులా ఎర్రబడ్డాయి. ముక్కు మీద చర్మం పొరలు పొరలుగా లేచింది. మూతికి గుడ్డ కట్టుకుని బస్సెక్కాడు. సైట్ గేటు దగ్గర హాజరు వేసే యంత్రం ఉంటుంది. దాని ముందు నిలబడి ముఖం చూపిస్తే పచ్చదీపం వెలిగి దారి ఇస్తుంది. లస్మయ్య గుడ్డ తీసి ముఖం చూపించాడు. ఎర్రదీపం వెలిగింది. మళ్లీ ప్రయత్నించమని యంత్రం ఆడగొంతుతో చెప్పింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ చెప్పింది.

వెనుక వరుస పెరిగింది. “యల్లా చాచా, యల్లా!” అని ఎవరో తొందరపెట్టారు. “కాకా, కొత్త మొఖం అన్నవు గదా, గది దానికింక పరిచయం గాలేదు,” అన్నాడు నగేష్, ఉండబట్టలేక. అందరూ నవ్వారు. చివరికి గార్డు కార్డు చూసి, పేరు చేత్తో రాసుకుని లోపలికి వదిలాడు.

ఊళ్లో తప్పు చేసినవాణ్ని ‘ఎక్కడా మొఖం చెల్లదు’ అంటారు. ఏ తప్పూ చేయకుండానే తన ముఖం యంత్రం దగ్గర చెల్లకపోయిందని లస్మయ్యకు అనిపించింది. పోనీ ఇది నలుగురు నవ్వుకునే సంగతే. ఇంజనీరు వచ్చే రోజు పది పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది. అప్పటికి ముఖం ఇలాగే ఉంటే? ముసలివాడని కాదు, రోగిష్టివాడని పక్కన పెడతారు. మధ్యాహ్నం సూపర్‌వైజర్‌ను అడిగి సెలవు తీసుకున్నాడు. కాళ్లు అల్ వుకైర్ దుకాణానికే తీసుకెళ్లాయి. తెల్లకోటు మనిషి మీద కోపం ఇంకా పోలేదు, కానీ అతనికి తెలిసిన మందుల దుకాణం అదొక్కటే.

ఆ వేళప్పుడు జనం లేరు. లస్మయ్య కౌంటరు ముందు నిలబడి గుడ్డ విప్పాడు. గాలి తగలగానే “ఓరి అవ్వో, మండుతాందే” అన్నాడు తనకు తెలియకుండానే.

ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. “అరె అల్లా! తెలుగోళ్లా మీరు? నిన్నమొన్న వచ్చి ట్యూబు పెట్టి పోయింది మీరే గదా? ఏం జేసుకున్నరన్నా మొఖాన్ని?”

ఆమె పేరు ఖమర్ సుల్తానా అని కోటు మీది బిళ్ల చెబుతోంది. ఊరు బోధన్ అని ఆమే చెప్పింది. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు మాట్లాడుతూ పెరిగింది. లస్మయ్య జేబులోనుంచి డబ్బా తీసి, క్యాంపు బయట సంచిలో అమ్మేవాడి దగ్గర కొన్నానని చెప్పి ముందు పెట్టాడు. ఆమె మూత తిప్పి వాసన చూసి, పేరు కోసం అన్నివైపులా వెతికి, రెండు వేళ్లతో దూరంగా జరిపింది.

“పేరు లేని మనిషిని ఇంట్ల పెట్టుకుంటరా మీరు?”

“పెట్టుకోం.”

“మరి పేరు లేని మందును మొఖానికెట్ల పెట్టిండ్రు? గిట్లాంటి వాట్లల్ల గట్టి మందులు కలుపుతరన్నా. తొలుత మెరిపిస్తది, తర్వాత తోలును పలచగ జేస్తది. పలచటి తోలుతోని మీరు ఎండల నిలబడ్డరు. పొద్దున గిట్ల రాసి గంటలు గంటలు నిలబడ్డరా?”

“నిలబడ్డ.”

“గింతతోనే అయిందని సంతోషపడుండ్రి. ఇంక రెండు నెలలు రాసి ఉంటే ఏమైతుండెనో.”

లస్మయ్యలో ఇన్నాళ్లూ దాచుకున్నది బయటికి వచ్చేసింది. “నువ్వు నాకు యాభై ఏండ్లోళ్ల మందియ్యకపోతె నేను గా డబ్బా జోలికి పోయేటోన్ని గాదమ్మా. నాకు నలబై ఎనిమిదే.”

ఖమర్ సుల్తానా అతనివైపు అర్థం కానట్టు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి అదే ట్యూబు తీసి, యాభై అంకె మీద వేలు పెట్టింది. “ఇదా?”

“గదే.”

నోటికి చేయి అడ్డం పెట్టుకున్నా ఆమె నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. “మాఫ్ కర్నా అన్నా. ఇది మీ వయసు కాదు, ఎండ లెక్క. ఎండను ఎంత గట్టిగ ఆపుతదో చెప్పే నంబరు. నంబరు పెద్దగుంటె ఆపుడు ఎక్కువ. పదేండ్ల పోరగానికైనా గదే, ఎనబై ఏండ్ల అవ్వకైనా గదే. నేను కూడ పూసుకుంటున్న, నాకు యాభయా?”

లస్మయ్య గోడమీది అరలవైపు చేయి చూపాడు. “మరి గాడ నలబై, యాభై, అరవై అని రాసిండ్రు గదా?”

“గవి వయసుయే. గోడ మీదియి వయసు, ఈ అరలయి ఎండ. అంకెలు ఒక్కతీరుగుంటయ్, కూడిక గుర్తు గూడ ఒక్కటే. ఎవలకైనా తిప్పలే.” ఆమె నవ్వు తగ్గింది. “ఆ రోజు మీ మొఖం మీద నేను ముడతలు సూడలేదన్నా. గీ గీత చూసిన.” తన చెవి దగ్గరనుంచి గడ్డం దాకా వేలితో గీసి చూపించింది. “హెల్మెట్ తాడు గీత. ఎండల పని జేసేటోడు, ముందు ఎండను ఆపాలె అనుకున్న. ఇచ్చిన.”

“అంకుల్ అంటివి?”

“కౌంటర్‌ల నిలబడి అందరిని అంకులే అంటం. నిన్న నాకంటె చిన్నోన్ని అన్న, అలిగి పోయిండు.”

నవ్వితే చెంపలు చురుక్కుమంటాయని తెలిసి కూడా లస్మయ్య నవ్వాడు. మూడు వారాలుగా ఛాతీలో మోస్తున్న బండ ఒకటి జారి, ఆ చల్లటి గచ్చు మీద పడి, ఎటో దొర్లిపోయింది.

తర్వాత ఆమె పని మాట మొదలుపెట్టింది. ముందు క్లినిక్‌కు వెళ్లి డాక్టరుకు ముఖమూ ఆ డబ్బా రెండూ చూపించమంది. గట్టి మందు ఆపగానే ఎరుపు ఒకసారి పొంగవచ్చు కనుక తన సలహా ఒక్కటే చాలదంది. లస్మయ్యకు తొందరగా ఉంది. ముడతలకు, మచ్చలకు, మెరుపుకు అన్నీ ఒకేసారి ఇవ్వమన్నాడు. పది పన్నెండు రోజుల్లో ఇంజనీరు వస్తాడన్నాడు.

“పుండు మీద ఉప్పు, కారం, నిమ్మకాయ మూడు పిండుతరా అన్నా? ఇప్పుడు మీ మొఖానికి కావల్సింది విశ్రాంతి. వాసన లేని మెత్తటి సబ్బు, నీళ్లు, పైన ఈ తేమ క్రీము. గంతే. మంట తగ్గినంక ఎండమందు. అప్పటిదాంక మెడకు గుడ్డ, హెల్మెట్‌కు ఎండ ఆపే అంచు. ఎండమందు పొద్దున ఒక్కసారి రాసి ఊకుంటె కాదు. రెండు గంటలకోసారి, చెమటకు కారిపోతె ఇంక ముందే రాయాలె. మెడకు, చెవులకు, చేతుల పైదిక్కు కూడ.”

“ముడతలకు?”

“మీ తోలు పూర్తిగ కోలుకున్నంక, డాక్టరు సరేనంటె, రాత్రి పూసే మందొకటి ఉన్నది. కందిగింజంత. తొలుత వారంల రెండు రాత్రులే. కొత్తది ఏదైనా ముందు మోచెయ్యి లోపల రాసి రెండు మూడు దినాలు సూడాలె. ఒక్కటి అలవాటయినంకనే రెండోది.”

“గప్పుడు పోతయా?”

“పోవు. మెత్తబడతయ్. మంగు జర పలచబడుతది. అదీ నెలలు పడుతది. వారంల పోతయన్నోడు ఎవడైనా గా సంచోని అన్ననే.”

“మంగుశని అన్నది మా ఇంటిది. అంజన్నకు మొక్కుతదట.”

“శని గాదన్నా, సూర్యుడు. మీ అంజన్నకు మొక్కుమనుండ్రి, వద్దన. కానీ మందు మాత్రం మీరే రాయాలె.”

గోడ మీది పెద్ద డబ్బాలవైపు అతను మరోసారి చూడటం గమనించి, వాటిలో చాలావాటికి మంచి వాసనా మంచి మూతా ఎక్కువని, ఎండను ఆపకపోతే అవన్నీ ఓటి కుండలో నీళ్లేనని చెప్పింది. లస్మయ్య సబ్బు, తేమ క్రీము, యాభై అంకె ఉన్న ట్యూబు, ఈ మూడే తీసుకున్నాడు. ట్యూబును మాత్రం సంచిలో వేయక చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

క్లినిక్ డాక్టరు భూతద్దంతో చెంపలన్నీ చూశాడు. డబ్బాను తన దగ్గరే ఉంచుకున్నాడు. చర్మం ఘోరంగా అలిగిందనీ, అయితే పాడవలేదనీ, తిరిగి వస్తుందనీ చెప్పాడు. పాడవలేదన్న ఆ ఒక్క మాటను లస్మయ్య బస్సులో దారి పొడుగునా నెమరేసుకున్నాడు. ఎరుపు ఆమె చెప్పినట్టే ఒకసారి పొంగింది. అతను కంగారుపడి ఏదీ మార్చలేదు. మెత్తటి సబ్బు, తేమ క్రీము. ఓపిక పట్టడమూ ఒక మందేనని అతనికి మెల్లగా తెలిసొచ్చింది. వారం గడిచాక ఒక ఉదయం హాజరు యంత్రం ముందు నిలబడగానే పచ్చదీపం వెలిగింది. “గుర్తువట్టిందిరో!” అని నగేష్ వెనుకనుంచి చప్పట్లు కొట్టాడు. లస్మయ్య యంత్రానికి చిన్నగా తల వంచి లోపలికి నడిచాడు.

ఇంజనీరు వచ్చే రోజు రానే వచ్చింది. క్యాంపు ముందున్న ఖాళీ స్థలంలో అందరినీ వరుసగా నిలబెట్టారు. ఎండ పొద్దుటినుంచే పదునుగా ఉంది. లస్మయ్య ట్యూబులోని మందును వేళ్ల నిండా తీసుకుని ముఖానికీ మెడకూ చెవులకూ శ్రద్ధగా పట్టించి వచ్చాడు. పొదుపు చేస్తే పని చేయదని ఖమర్ సుల్తానా చెప్పింది. నగేష్ అతన్ని చూసి తల పట్టుకున్నాడు. “కాకా! గోడకు సున్నమేసినట్టున్నవ్. తుడువు, తుడువు!”

“తుడవ.”

“నవ్వుతరే!”

“నవ్వనీ. ఒక్కసారి మొఖం ఖరాబు జేసుకున్న, సాలు.”

అన్నాడు కానీ, వరుసలో నిలబడ్డాక చెంపలు ఒకసారి తడుముకున్నాడు. పాత ముడతలన్నీ అలాగే ఉన్నాయి, పాత మంగు అలాగే ఉంది, పైన తెల్లటి పూత ఒకటి. ఇంజనీరు పేరు సుధాకరరావు, కాకినాడవైపు మనిషి. వరుస వెంట నడుస్తూ వచ్చి లస్మయ్య ముందు ఆగాడు.

“ఏవయ్యా, ముఖానికేంటది? విభూతా?”

వరుసలో నవ్వు పాకింది.

“ఎండమందు సార్. యాభై.”

“యాభై ఏళ్లా నీకు?”

“నాకు నలబై ఎనిమిది సార్. యాభై ట్యూబుది.”

సుధాకరరావు కూడా నవ్వాడు. నవ్వుతూనే చేతిలోని కాగితాల్లో పేరు చూశాడు. “ఫ్లాగ్‌మన్‌గా చేశావా? ఎన్నాళ్లు?” జవాబు వినగానే అతని నవ్వు ఆగి చూపు మారింది. రెండడుగులు వెనక్కి వేసి, అక్కడ నిలబడ్డాడు. “నేను నీళ్ల ట్యాంకర్‌ని. వెనక్కి వస్తున్నాను. ఇటు ఇళ్లు, అటు పిల్లలు ఆడుకునే చోటు. నన్ను తీసుకురా.”

లస్మయ్య ఆలోచించలేదు. చేతులే ఆలోచించాయి. రెండు అరచేతులూ తనవైపు తిప్పి నెమ్మదిగా పిలిచాడు. ఎడమకు జరిపాడు. దూరం తగ్గుతున్న కొద్దీ అరచేతుల మధ్య ఎడాన్ని తగ్గించాడు. మధ్యలో తల తిప్పి, పిల్లలు ఆడుకుంటున్నారన్న ఖాళీ చోటును ఒకసారి చూసి, రెండు పిడికిళ్లూ పైకెత్తాడు. ట్యాంకరు ఆగింది.

“ఎందుకు ఆపావు?”

“బంతి వొచ్చుండొచ్చు సార్.”

సుధాకరరావు పక్కనున్న మనిషికేసి చూసి తల ఊపాడు. “ఇతన్ని రాసుకో. రోజూ వాటర్ ట్యాంకర్లు, చెత్త బళ్లు ఇళ్ల మధ్యకి వస్తాయి. అక్కడ మనకి కావాల్సిందే ఇలాంటోడు.” తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లిపోయాడు. వయసు గురించి మరో మాట లేదు. ముఖం గురించి అసలే లేదు.

లస్మయ్య వరుసలోనుంచి బయటికి వచ్చి గోడ నీడలో కూలబడ్డాడు. నెలరోజులుగా ముఖం కోసం పడ్డ యాతనంతా కళ్లముందు తిరిగింది. చివరికి ఇంజనీరు అడిగింది చేతులను. ఆ చేతులకు అతను ఎన్నడూ ఏ క్రీమూ రాయలేదు. చూసుకుంటే అవీ అచ్చం ముఖంలాగే, మచ్చలతో, గీతలతో, ఎండిపోయి ఉన్నాయి. జేబులోనుంచి ట్యూబు తీసి, రెండు చేతుల మీదా కొంచెం కొంచెం వేసి, నింపాదిగా రాసుకున్నాడు. నగేష్ పేరూ రాసుకున్నారట, వాడు పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

“కాకా, నాకు గూడ జర ఇయ్యవా? నాకు ఇరవై ఆరే గానీ, ఏమంటదో గా ట్యూబు!”

“అందరిది గదేరా. పట్టు.”

ఆ సాయంత్రం వెలుతురు ఉండగానే చిన్నవ్వకు ఫోన్ చేశాడు. ఉద్యోగం సంగతి విని ఆమె అంజన్నను రెండుసార్లు తలుచుకుంది. తర్వాత ఫోనుకు కన్ను దగ్గరగా పెట్టి అతన్ని పరీక్షగా చూసింది.

“దుబాయ్‌ల పెద్ద పెద్ద క్రీములు పెడుతున్నవట, నగేష్ జెప్పిండు. ఏడ? మొఖం గట్లనే ఉన్నది గదా.”

“గట్లనే ఉన్నది. గింతకంటె ఖరాబు గాకుంట ఉంటె సాలు అంటాంది గా మందుల దుకాణమామె. రెండు గంటలకోసారి రాయాల్నట. బేజారైతది.”

“ఏది, సూపియ్యి గా ట్యూబు.”

చూపించాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు కానీ అంకెలు వచ్చు.

“యాభయా? నీకెంత?”

“నలబై ఎనిమిది.”

“మరింకేంది,” అంది చిన్నవ్వ. “నీకంటె రెండేండ్లు పెద్దది. జెప్పినట్టు ఇను.”